పాత సర్వర్ జియానా, కొత్త ఐ5నా? తరచుగా అడిగే ప్రశ్నలు

"అన్నా, 14 కోర్ల ప్రాసెసర్ ఇంత చవగ్గా దొరుకుతోంది, కొనేయనా?" అని నెలకు ఒకరిద్దరైనా నన్ను అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లు అందరూ ఒకే రకం కాదు. ఒకరు అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న కుర్రాడు, ఒకరు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఆయన, ఇంకొకరు అమెరికాలో గ్యారేజీలో సర్వర్ పెట్టుకున్న మా బావ. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేం. అందుకే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

ఇంతకీ ఏ రెండింటిని పోలుస్తున్నారు?

పాతది ఇంటెల్ సర్వర్ల కోసం చేసిన జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చింది. 14 కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు), 28 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 35 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ), 120 వాట్లు. కొత్తది ఇంటెల్ కోర్ ఐ5-12400. 2022 జనవరిలో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 18 ఎంబీ క్యాష్, బేస్ పవర్ 65 వాట్లు.

ఐ5-12400 తర్వాత ఇంకా కొత్తవి చాలా వచ్చాయని తెలుసు. అయినా దీన్నే తీసుకున్నాను, ఎందుకంటే మధ్యతరగతి బడ్జెట్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే చాలామంది చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. దీని బదులు ఏఎండీ రైజెన్ 5 5600 పెట్టుకున్నా కింద చెప్పినవి చాలావరకు అలాగే వర్తిస్తాయి. కాకపోతే దాన్లో గ్రాఫిక్స్ ఉండదు.

14 కోర్లు 6 కోర్ల కన్నా ఎక్కువే కదా? ఇందులో ఆలోచించడానికి ఏముంది?

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నాట్లకు 14 మంది కూలీలు దొరికితే పొలం తొందరగా అవుతుంది. బావిలోంచి ఒక్క బిందె తోడడానికి 14 మందిని పిలిస్తే మాత్రం 13 మంది గట్టు మీద కబుర్లు చెప్పుకుంటారు. మనం రోజూ చేసే పనుల్లో బిందె తోడే రకమే ఎక్కువ.

మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను స్క్రిప్ట్ వేసుకుని పేజ్‌మేకర్ 7లో శుభలేఖలు, కరపత్రాలు చేస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ 2001 నాటిది, నడిచేది ఒక్క కోర్ మీదే. దాని ముందు 14 కోర్లు పెట్టి టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి, ఒకటో రెండో గడుల్లో గీత ఎగిరెగిరి పడుతుంటుంది, మిగతావి దాదాపు నేలను అంటుకుని ఉంటాయి. బ్రౌజర్, ఎక్సెల్ మాక్రోలు, ఫొటోషాప్‌లో సగానికి సగం పనులు కూడా పూర్తిగా ఇలా కాకపోయినా దాదాపు ఇదే బాపతు.

అన్ని కోర్లూ పనిలో దిగినప్పుడు జియాన్ 2.9 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, ఐ5 4.0 దగ్గర. 14ను 2.9తో గుణిస్తే 40.6. 6ను 4తో గుణిస్తే 24. కాగితం మీద జియానే గెలిచింది. కానీ గిగాహెర్ట్జ్ చెప్పేది సెకనుకు ఎన్ని టిక్కులు కొడుతుందనే, ఒక్కో టిక్కులో కొత్త కోర్ చేసే పని చాలా ఎక్కువ. అది కూడా కలిపితే మొత్తం బలంలో రెండూ ఇంచుమించు ఒకచోటే తేలతాయి. కొన్ని పనుల్లో ఇది ముందు, కొన్నిటిలో అది. ఒక్క కోర్‌కు ఒక్క కోర్‌ను పోలిస్తే మాత్రం పాతది కొత్తదానిలో సగం దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క టిక్కులో ఎక్కువ పని అంటే ఏమిటి?

ప్రాసెసర్ లోపల ముందు ఒక గుమ్మం ఉంటుంది. ఆదేశాలు అక్కడ విడమరచి లోపలికి వెళ్తాయి. 2680 వీ4లో ఉన్న బ్రాడ్‌వెల్ కోర్‌కు ఆ గుమ్మంలో ఒకేసారి 4 ఆదేశాలు పడతాయి. ఐ5-12400లో ఉన్న గోల్డెన్ కోవ్ కోర్‌కు 6 పడతాయి. లోపలికి వెళ్లాక వరుస తప్పించి ఏది ముందు సిద్ధమైతే దాన్ని పూర్తిచేసే వెయిటింగ్ హాలు ఒకటుంది. పాతదాంట్లో అక్కడ 192 ఆదేశాలకు చోటు, కొత్తదాంట్లో 512కు. ప్రతి కోర్‌కూ సొంతంగా ఉండే రెండో స్థాయి క్యాష్ పాతదాంట్లో 256 కేబీ, కొత్తదాంట్లో 1.25 ఎంబీ, అంటే అయిదు రెట్లు.

అందుకే గిగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూసి పోల్చకూడదు. బేస్ స్పీడ్ చూస్తే జియాన్‌ది 2.4, ఐ5ది 2.5. పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అది చూసి "రెండూ ఒకటే సార్, పైగా ఇందులో కోర్లు ఎక్కువ" అని అమ్మేవాళ్లున్నారు.

అంత ఖరీదైన ప్రాసెసర్ ఇంత చవగ్గా ఎలా వస్తోంది? దొంగ సరుకా?

దొంగ సరుకేం కాదు. వచ్చిన కొత్తలో 2680 వీ4 జాబితా ధర 1,745 డాలర్లు. డేటా సెంటర్లు వీటిని వేల సంఖ్యలో కొన్నాయి. అక్కడ సర్వర్లను కొన్నేళ్లకోసారి మొత్తంగా మార్చేస్తారు. వాళ్లకు ప్రాసెసర్ ధర కన్నా అది ఆక్రమించే చోటు, తాగే కరెంటు, ఏసీ ఖర్చు ఎక్కువ. అలా మార్చినప్పుడు కుప్పలు కుప్పలుగా బయటికొచ్చినవే ఇవి. కొనేవాళ్లు తక్కువ, సరుకు ఎక్కువ. ధర పడిపోకుండా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి. ప్రాసెసర్ అనేది అంత తేలిగ్గా పాడయ్యే వస్తువు కాదు. పదేళ్లు నడిచిన చిప్ ఇంకో పదేళ్లు నడిచినా ఆశ్చర్యం లేదు. పాడయ్యేవి దాని చుట్టూ ఉండేవే: బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), ఫ్యాన్లు. డబ్బులు పోయేదీ వాటి మీదే.

మరి జియాన్ ఎవరికీ పనికిరాదా?

పనికొస్తుంది. కాకపోతే కోర్ల కోసం కాదు, ర్యామ్ కోసం. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా జవాబులు చదవకపోయినా ఫర్వాలేదు.

2680 వీ4కు నాలుగు మెమరీ ఛానళ్లు, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య నాలుగు దారులు. ఇంటెల్ లెక్కలో ఒక్క ప్రాసెసర్ ఒకటిన్నర టెరాబైట్ల దాకా ర్యామ్ వాడుకోగలదు. ఐ5-12400కు ఛానళ్లు రెండే, గరిష్ఠం 128 జీబీ. మామూలు డెస్క్‌టాప్ బోర్డు మీద స్లాట్లు రెండో నాలుగో ఉంటాయి. జియాన్ వర్క్‌స్టేషన్ బోర్డు మీద 8 ఉండటం మామూలే. ఒక్కో స్లాట్‌లో 32 జీబీ స్టిక్ వేసినా 256 జీబీ అవుతుంది. పైగా సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ (తప్పులు తనే దిద్దుకునే రకం) కూడా అదే కుప్పల్లోంచి వస్తుంది కాబట్టి ఒక్కో జీబీకి పడే ధర సాధారణంగా తక్కువే.

ఒక జాగ్రత్త. ఆ రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, డీడీఆర్4 అనే రాసి ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆన్ కాదు. దాన్నీ మామూలు ర్యామ్‌నీ కలిపి ఒకే బోర్డులో వేసినా అంతే.

నాలుగు ఛానళ్లంటే వేగం కూడా రెట్టింపేనా?

ఇక్కడ ఒక తమాషా ఉంది. డీడీఆర్4-2400 ఒక్కో ఛానల్‌కు సెకనుకు 19.2 జీబీ మోస్తుంది. నాలుగు ఛానళ్లకు 76.8 జీబీ. ఐ5-12400కు డీడీఆర్5-4800 రెండు ఛానళ్లలో వేస్తే ఎంతో తెలుసా? సరిగ్గా 76.8 జీబీ. పాతదానికి నాలుగు దారులతో వచ్చిన వెడల్పు కొత్తదానికి రెండు దారులతోనే వచ్చేసింది. అదే ఐ5ను డీడీఆర్4-3200 బోర్డులో పెడితే 51.2 దగ్గర ఆగుతుంది.

అంటే కొత్త బోర్డు కొనేటప్పుడు డీడీఆర్4దా, డీడీఆర్5దా అని చూసుకోవాలి. ఒకే ప్రాసెసర్‌కు రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి, ర్యామ్ మాత్రం ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు.

పీసీఐఈ లేన్లు అంటారు కదా, వాటి సంగతేమిటి?

ఇవి ప్రాసెసర్ నుంచి కార్డులకు, ఎస్‌ఎస్‌డీలకు వెళ్లే దారులు. జియాన్‌కు 3.0 రకం లేన్లు 40. ఐ5కు ప్రాసెసర్ నుంచి 20 మాత్రమే, కానీ వాటిలో 16 లేన్లు 5.0 రకం, 4 లేన్లు 4.0 రకం. ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒకటో రెండో ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. రెండు గ్రాఫిక్స్ కార్డులు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, ఎనిమిది హార్డ్‌డిస్క్‌లకు ఒక కంట్రోలర్ అన్నీ పెడతానంటే జియానే కొనండి.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఫుల్ లోడ్‌లో తేడా అనుకున్నంత ఉండదు. ఐ5 కూడా వేగం పెంచుకున్నప్పుడు, అంటే టర్బోలో, గరిష్ఠంగా 117 వాట్ల దాకా వెళ్లొచ్చని ఇంటెలే చెబుతుంది. అసలు తేడా ఖాళీగా ఉన్నప్పుడే. సర్వర్ బోర్డు, ఎనిమిది ర్యామ్ స్టిక్కులు, నాలుగైదు ఫ్యాన్లు, తప్పనిసరిగా పెట్టాల్సిన గ్రాఫిక్స్ కార్డు, ఇవేవీ మీరు పని ఆపినంత మాత్రాన నిద్రపోవు. మా ఇంట్లో ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే పాత పెట్టెకూ కొత్తదానికీ ఊరికే ఉన్నప్పుడు 60 వాట్ల దాకా తేడా కనిపించింది.

60 వాట్లు రోజంతా నడిస్తే 1.44 యూనిట్లు. నెలకు 43. ఏడాదికి 525 చిల్లర. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 4,200 రూపాయలు. ఇంకో మెలిక ఉంది. మన బిల్లు స్లాబుల పద్ధతిలో వస్తుంది కాబట్టి కొత్తగా చేరే ఈ 43 యూనిట్లు మీ బిల్లులో పై స్లాబు రేటుకే పడతాయి. సగటు రేటు చూసుకుని లెక్కేస్తే తప్పు లెక్క వస్తుంది. ఏసీ గదిలో పెడితే ఆ వేడిని బయటికి తోలే ఖర్చు అదనం. మే నెలలో ఏసీ లేని గదిలో దాని పక్కన కూర్చుని పనిచేసి చూడండి, లెక్క అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

రోజుకు రెండు మూడు గంటలు వాడి ఆపేసేవాళ్లు ఈ జవాబు పట్టించుకోనక్కర్లేదు.

గేమ్స్ ఆడొచ్చా?

ఆడొచ్చు. కానీ గేమ్స్ కోసమే అయితే కొనకండి. మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఒక్క కోర్ వేగం చాలక అది ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

వీడియో ఎడిటింగ్‌కు కోర్లు ఎక్కువుంటే మంచిదంటారు?

పదేళ్ల క్రితం అది నిజం. ఇప్పుడు కెమెరాల్లోంచి వచ్చే ఫుటేజ్ ఎక్కువగా హెచ్.264, హెచ్‌ఈవీసీ రకం, అంటే కుదించి దాచిన వీడియో. వీటిని విప్పడానికి ఐ5-12400లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో విడిగా ఒక ఇంజిన్ ఉంది, దాన్నే క్విక్ సింక్ అంటారు. ప్రీమియర్ లాంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడుకుంటాయి. జియాన్‌లో గ్రాఫిక్సే లేదు. తెర మీద బొమ్మ రావాలన్నా కార్డు పెట్టాల్సిందే. విప్పే పని కార్డు చేయలేని ఫార్మాట్ అయితే 14 కోర్లూ కష్టపడతాయి, ఫ్యాన్లు హోరెత్తుతాయి, టైమ్‌లైన్ మాత్రం తడబడుతూనే ఉంటుంది. పెళ్ళి వీడియోల ఆయనకు ఐ5 తీసుకోమనే చెప్పాను. వెనక ఎఫ్ అక్షరం ఉన్న 12400ఎఫ్ వద్దని కూడా గట్టిగా చెప్పాను, దాన్లో ఆ గ్రాఫిక్స్ ఉండదు.

3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో ప్రాసెసర్ మీదే రెండర్ చేసేవాళ్ల సంగతి వేరు. అక్కడ జియాన్ నిలబడుతుంది.

డెవాప్స్ నేర్చుకుంటున్నాను. ఇంట్లో పది వీఎంలు నడపాలి. ఏది కొనాలి?

జియాన్‌కు మీరే అసలైన గిరాకీ. నేర్చుకునే వీఎంలు, అంటే ఒక కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, చాలాసేపు ఊరికే కూర్చుంటాయి. వాటికి కావాల్సింది వేగం కాదు, ర్యామ్. ఒక్కోదానికి 8 జీబీ ఇచ్చినా పదికి 80 అవుతుంది. వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని 128 జీబీతో మొదలుపెడితే హాయిగా ఉంటుంది. చదువు అయిపోయాక స్విచ్ ఆపేయడం మాత్రం మర్చిపోవద్దు. మూడు వీఎంలు చాలనుకుంటే ఐ5లో 32 జీబీ సరిపోతుంది, ఉద్యోగం వచ్చాక కూడా ఆ కంప్యూటర్ పనికొస్తుంది.

ఏఐ మోడళ్లు నడపొచ్చా?

గ్రాఫిక్స్ కార్డు లేకుండా నడిపితే వేగాన్ని నిర్ణయించేది ర్యామ్ వెడల్పే. ఒక్కో టోకెన్‌కూ (జవాబులో ఒక్కో మాట ముక్కకూ) మోడల్ మొత్తాన్ని ఒకసారి చదవాలి. 4 జీబీ మోడల్ అయితే 76.8ని 4తో భాగించండి, సెకనుకు 19 టోకెన్లు గరిష్ఠం. నిజంగా వచ్చేది అంతకన్నా తక్కువే. 40 జీబీ మోడల్ అయితే రెండు టోకెన్లు కూడా రావు. జియాన్ గొప్పదనం ఏమిటంటే అంత పెద్ద మోడల్ కనీసం లోపల పడుతుంది. రాత్రి ప్రశ్న వేసి పొద్దున జవాబు చూసుకునే ఓపిక ఉంటే మంచిదే.

విండోస్ 11 పడుతుందా?

అధికారికంగా పట్టదు. మైక్రోసాఫ్ట్ జాబితా ఇంటెల్ వైపు కొన్ని మినహాయింపులు తప్ప 8వ తరంతో మొదలవుతుంది, బ్రాడ్‌వెల్ అంతకన్నా పాతది. అడ్డదారుల్లో వేసి నడుపుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు కానీ ఏ పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతుందో అన్న టెన్షన్ ఉంటుంది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీసు పనికి, అకౌంట్లకు వాడే కంప్యూటర్ అయితే ఈ ఒక్క కారణంతోనే పాతది వదిలేయొచ్చు. లినక్స్‌తో ఈ తలనొప్పి లేదు.

ఈ5లోనే పాత తరాలు వీ1, వీ2 ఇంకా చవగ్గా ఉన్నాయి. అవి తీసుకోనా?

వద్దు. వీ3, వీ4లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ ఉంది, వీ1, వీ2లలో లేదు. కొన్ని కొత్త గేమ్స్, సాఫ్ట్‌వేర్లు అది లేకపోతే తెరుచుకోవు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 10 కూడా అది లేని ప్రాసెసర్ల మీద నడవదు. వాటికి ర్యామ్ కూడా డీడీఆర్3, సాకెట్టూ వేరే. తర్వాత వీ4కు మారదామంటే బోర్డుతో సహా మార్చాలి.

రెండు ప్రాసెసర్లు పట్టే బోర్డు తీసుకుంటే 28 కోర్లు కదా?

అవును, రెండు ఇళ్లూ అవుతాయి. సగం ర్యామ్ ఈ ప్రాసెసర్ దగ్గర, సగం ఆ ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. పక్కింటి ర్యామ్‌లో ఉన్నది కావాలంటే మధ్యలో వంతెన దాటి వెళ్లాలి, ఆలస్యం అవుతుంది. వీఎంలకు ఇబ్బంది లేదు, డెస్క్‌టాప్‌గా వాడటానికి దండగ. విండోస్ హోమ్ ఎడిషన్ అయితే రెండో ప్రాసెసర్‌ను అసలు గుర్తించనే గుర్తించదు.

భద్రత పరంగా పాతది ప్రమాదమా?

2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ లోపం (ఒక ప్రోగ్రామ్ తనది కాని మెమరీని చదివేయగలిగే లోపం) బ్రాడ్‌వెల్‌లో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లతో దాన్ని కప్పేశారు, దానికి వేగంలో కొంత మూల్యం చెల్లించాలి. కొత్తదాంట్లో ఆ లోపాన్ని చిప్‌లోనే సరిచేశారు. ఇంట్లో మీరొక్కరే వాడుకునే పెట్టెకు ప్యాచ్‌లు సరిగ్గా వేసుకుంటే భయపడనక్కర్లేదు.

చైనా ఎక్స్99 బోర్డులు మంచివేనా?

ఇవి ఈ జియాన్లు పట్టేలా చైనాలో చేసే చవక బోర్డులు. కొన్నేమో ఏళ్ల తరబడి నడుస్తాయి, ఇంకొన్ని నెలకే చేతులెత్తేస్తాయి. చాలావాటి మీద పాత డెస్క్‌టాప్ బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లే ఉంటాయి. బయోస్ అప్‌డేట్లు రావు, స్లీప్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. 2020 నవంబరులో అలీ ఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో నిషేధించాక ఇవి చేతులు మారి మారి వస్తున్నాయి, వారంటీ మాట ఎవరినడగాలో తెలియదు.

నన్నడిగితే హెచ్‌పీ జెడ్440, డెల్ ప్రెసిషన్ టీ5810, లెనోవో పీ510 లాంటి పాత వర్క్‌స్టేషన్‌ను పెట్టెతో సహా కొనడం మేలు. గోల తక్కువ, బోర్డు నమ్మకమైనది. వీటిలో హెచ్‌పీ, డెల్ వాటి ఎస్‌ఎంపీఎస్ పోతే బజారులో దొరికే మామూలుది పట్టదు, అది గుర్తుంచుకోండి. అలమారాలో పెట్టే సన్నటి రాక్ సర్వర్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి. దాని చిన్న ఫ్యాన్ల కీచు శబ్దానికి ఇంట్లో వాళ్లు రెండో రోజే దాన్ని గుమ్మం బయట పెడతారు.

కొనేముందు ఏం చూడాలి?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పద్ధతి ఒకటే. ప్రాసెసర్ మూత మీద ఎండిపోయిన పేస్ట్ ఉంటే తుడిపించి అక్షరాలు చదవండి. మోడల్ నంబరు, ఎస్‌ఆర్‌తో మొదలయ్యే కోడ్ ఉండాలి. వాటి బదులు "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన శాంపిల్. ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

తర్వాత బోర్డు. ఈ తరంలో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుక మందాన రెండు వేల పైచిలుకు పిన్నులు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి చూడండి. వరుసలన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తెగితే అక్కడ పిన్ను వంగినట్టే.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. నేను మొదటిసారి కొన్నప్పుడు అమ్మినతను బోర్డులో ప్రాసెసర్ బిగించే ఇచ్చాడు. ఆన్ అయింది, విండోస్ వచ్చింది, సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు నెలల తర్వాత ర్యామ్ పెంచుదామని రెండు స్టిక్కులు వేస్తే కనిపించలేదు. స్టిక్కులు మార్చాను, స్లాట్లు మార్చాను, ఎరేజర్‌తో కాంటాక్టులు రుద్దాను. చివరికి ప్రాసెసర్ తీసి చూస్తే ఒక మూల మూడు పిన్నులు పక్కకు పడుకుని ఉన్నాయి. అన్నాళ్లూ నాలుగు ఛానళ్లనుకుని రెండింటితోనే నడిపానన్నమాట. అతనికి ఫోన్ చేస్తే "అప్పుడు బాగానే ఉంది కదన్నా" అన్నాడు. నిజమే, అప్పుడు బాగానే ఉంది.

ఇప్పటికే కొనేశాను. ఇప్పుడేం చేయను?

కంగారేం లేదు. ముందు బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ స్టిక్కులన్నీ కనిపిస్తున్నాయా, నాలుగు ఛానళ్లలో ఉన్నాయా, 2400 వేగంలో ఉన్నాయా చూడండి. బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ కొత్తది వేయండి, లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. పేస్ట్ మార్చండి. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేయండి. పొద్దున లేచి చూసినప్పుడు తప్పుల గడిలో సున్నా కాకుండా ఒక్క అంకె కనిపించినా, స్టిక్కులు ఒక్కొక్కటే తీసి మళ్లీ పరీక్షించి, చెడ్డదాన్ని అదే వారం వెనక్కి ఇచ్చేయండి. నాలుగు నెలలు ఆగితే మీకూ నాకు వచ్చిన జవాబే వస్తుంది.